నేలకు సాక్ష్యం

రాయపూరు నుండి విశాఖపట్నానికి నిర్మాణమవుతున్న కొత్త రాజమార్గం సుమారు 464 కిలోమీటర్ల పొడవు గలది. అది రాయపూరు జిల్లాలోని అభన్‌పూర్ వద్ద బయలుదేరి, ధమ్తరీ, కాంకేర్, కొండగావ్ సీమలను దాటి, ఒడిశాలో చాలాదూరం నడిచి, సాలూరు కొండల దిగువకు వచ్చి, సబ్బవరం వద్ద ముగుస్తుంది. వరి పండే మైదానాన్ని సముద్రపు రేవుతో కలిపే ఇట్టి దారి వల్ల మేలు కలుగుతుందనడంలో వివాదం లేదు. వివాదమంతా ఆ దారి క్రింద పడిన పొలాలను గూర్చినది. ఇంకా సూక్ష్మంగా చెప్పవలెనంటే, ఆ పొలాలు ఎవరివి అన్న ప్రశ్నను గూర్చినది.

ఈ మార్గానికై అభన్‌పూర్ ప్రాంతంలో భూములు సేకరించినప్పుడు జరిగినదిగా చెప్పబడుతున్న వ్యవహారం 2025లో బయటపడి దేశమంతటా చర్చకు వచ్చినది. భూమి తీసికొనబోతున్నారన్న సమాచారం ముందుగా పొక్కడంతో కొన్ని కమతాలు కాగితాల మీద చిన్న చిన్న తునకలుగా మారినవనీ, ఒక్క కుటుంబంలోనే పలువురి పేర ఆ తునకలు నమోదైనవనీ, పెద్ద కమతానికి కట్టే ధర కంటె చిన్న తునకకు కట్టే ధర ఎన్నోరెట్లు హెచ్చు కావడం చేత పరిహారం అమితంగా పెరిగినదనీ అభియోగం. ఇదివరకే ప్రభుత్వం సేకరించిన నేలకు మరల సొమ్ము ముట్టినదన్న ఆరోపణ కూడ ఉన్నది. అదే సంవత్సరం మార్చి నెలలో రాష్ట్ర మంత్రివర్గం విచారణను ఆర్థిక నేరాల విభాగానికి అప్పగించినది. కొందరు ఉద్యోగులు సస్పెండైనారు, అరెస్టులు జరిగినవి. నిజానిజాలు తేల్చవలసినది న్యాయస్థానం. కాని ధర్మవిచారం చేసేవానికి ఇందులో ఒక విశేషం వెంటనే కనబడుతుంది. అభియోగం నిజమే అనుకొన్నా, సొమ్ము పుచ్చుకొన్నవారి వద్ద కాగితాలు లేవని ఎవ్వరూ అనలేదు. కాగితాలు ఉన్నవి. ఉండవలసినదాని కంటె ఎక్కువే ఉన్నవి.

దీని సరసనే మరొక కుటుంబాన్ని ఊహించుకొనవచ్చును. ఊహయే గాని, ఇట్టి కుటుంబం ఆ మైదానంలో అరుదైనది కాదు. నాలుగెకరాల వరిపొలం, ఖాతా తాతగారి పేరిట ఉన్నది. ఆయన పోయి ముప్పది ఏండ్లు దాటినది. ముగ్గురు కొడుకులలో పెద్దవాడు భిలాయి ఉక్కు కర్మాగారానికి కూలికి పోయి అక్కడనే స్థిరపడినాడు. చిన్నవాడు కాలం చేసినాడు. నడిమివాడు దున్నుతున్నాడు. ఇద్దరు ఆడపడుచులు అత్తవారిండ్ల నున్నారు. ఎవరి వాటా ఎంతయో ఇంటిలో అందరికీ తెలుసు, ఊరికీ తెలుసు. తెలియనిది కాగితానికి మాత్రమే. తెలంగాణ పల్లెలలో వలెనే అక్కడ కూడ ఖాతాదారు చనిపోయిన పిమ్మట వారసుల పేర్లు ఎక్కించడాన్ని ఫౌతీ అంటారు. ఆ ఫౌతీ జరగలేదు. జరిపించుకొననందుకు కారణం నిర్లక్ష్యమనడం తేలిక, కాని అవసరమేమున్నది? శిస్తు తాతగారి పేరనే కట్టించుకొన్నారు, పట్వారీ ఏనాడూ అభ్యంతరం చెప్పలేదు. అకస్మాత్తుగా ఒకనాడు చనిపోయిన తాతగారి పేర నోటీసు వచ్చినది. ఖస్రా నకలు, బి-1 నకలు, ఋణపుస్తిక, మరణధ్రువపత్రం, వంశవృక్షం, వాటాదారులందరి సమ్మతి, ఇన్నింటిని గడువులోగా చూపితే గాని సొమ్ము రాదు. తాతగారు మరణించిన నాడు పుట్టుక చావులు వ్రాసుకొనే కోట్వారు పుస్తకం ఇప్పుడు ఎక్కడ ఉన్నదో కోట్వారు కొడుక్కే తెలియదు.

ఈ రెండు కుటుంబాలకూ పెట్టిన పరీక్ష ఒక్కటే. మొదటిది ఆ పరీక్షలో నెగ్గినది, రెండవది చిక్కుకొన్నది. పరీక్ష దేనిని కనుగొనడానికి పెట్టినారో దానికి సరిగా విరుద్ధమైనదానిని కనుగొన్నదంటే, తప్పు పరీక్షకు హాజరైనవారిలో మాత్రమే వెదకడం చాలదు.

లోకవ్యవహారంలో ఒకని చేతిలోని చెంబు తీసికొన్నవాడు, ‘ఇది నీదేనని ముందు ఋజువు చేయుము, ఆ తరువాత వెల ఇస్తా’ననడు. అంటే నలుగురూ నవ్వుతారు. ఎవరి చేతినుండి తీసికొన్నాడో వానికే ఇవ్వవలె ననడం సామాన్యధర్మం. చెంబు నిజానికి వేరొకరిదైతే ఆ వేరొకరు వచ్చి అడుగుకొనవచ్చును. రాజ్యం ఈ ధర్మాన్ని ఎట్లు తప్పించుకొంటున్నది? చట్టంలోని ఒక్క వాక్యంతో. సేకరణ ప్రకటన వెలువడిన పిమ్మట భూమి ‘సమస్త భారముల నుండి విముక్తమై’ ప్రభుత్వానికి సంక్రమిస్తుందని జాతీయ రహదారుల చట్టం చెప్పుతున్నది. అనగా రాజ్యం ఒక మనిషి వద్దనుండి తీసికొనడం లేదు. భూమిని భూమి వద్దనుండియే తీసికొంటున్నది! దానిపై ఎవరెవరికి ఏయే హక్కులున్నవో ఆ క్షణాన ఎవరూ తెలిసికొన నక్కరలేదు. అన్నీ ఒక్కమారే తెగిపోతవి. తీసికొనేటప్పుడు సంబంధం వస్తువుతో, ఇచ్చేటప్పుడు సంబంధం వ్యక్తితో. తీసికొనడానికి కొలత చాలును, ఇవ్వడానికి చరిత్ర కావలెను. ఈ రెంటి నడుమనున్న అగాధంలోనే నడిమి కొడుకు నిలబడి ఉన్నాడు.

రాజుకు నేలపై గల అధికారం ఎట్టిదన్న విచారం మన పూర్వులకు కొత్తది కాదు. విశ్వజిత్తు అనే యాగంలో యజమాని తన సర్వస్వాన్ని దానం చేయవలెను. రాజు యజమానియైతే రాజ్యంలోని భూమిని కూడ దానం చేయవలెనా అని మీమాంసకులు ప్రశ్న వేసికొన్నారు. చేయరాదని జైమిని సిద్ధాంతం. భూమి అందరికీ సమానమైనది గనుక అది రాజు సొత్తు కాదు. రాజు పాలకుడు, పాలించినందుకు పంటలో భాగం పొందుతాడు, అంతే. మనువు ఇంకొక అడుగు వేసి, మోళ్లు పెరికి అడవి నరికి పొలం చేసినవానిదే ఆ పొలమన్నాడు. ఐరోపాలో గ్రోషియసు 1625లో ప్రకటించిన గ్రంథంలో రాజ్యానికి ప్రజల ఆస్తిపై ఒక ఉన్నతాధికారం కలదని చెప్పుతూనే, దానిని వినియోగించినప్పుడు నష్టపరిహారం ఇవ్వవలెనని కూడ చెప్పినాడు. తీసికొనే అధికారమూ ఇచ్చే బాధ్యతా కవలలుగానే పుట్టినవన్నమాట. ఒకటి నడక నేర్చి పరుగెత్తుతూ ఉండగా రెండవది ఇంకా ప్రాకుతున్నది.

ఋజువును గూర్చి యాజ్ఞవల్క్యుడు చెప్పినది మరీ ప్రస్తుతం. ప్రమాణాలు మూడు: లేఖ్యం, భుక్తి, సాక్షులు. వ్రాత, అనుభవం, చూచినవారి మాట. అనుభవం కంటె హక్కు కలిగిన మూలం బలమైనది. కాని తాతతండ్రుల నుండి క్రమంగా వచ్చిన అనుభవానికి ఈ నియమం వర్తించదు. ఆ వెంటనే ఆయన చెప్పిన మాటను అభన్‌పూర్ తునకల పక్కన పెట్టి చూడవలెను: ఏ కొంచెమైనా అనుభవం లేని చోట మూలానికి సైతం బలం లేదు. విజ్ఞానేశ్వరుడు ఆ స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య వ్రాసినాడు. ఆ శాస్త్రాన్ని పదమూడవ శతాబ్దిలోనే కేతన తెనుగు పద్యాలలోకి తెచ్చినాడు. కనుక తెలుగువానికి ఈ వివేకం అరువు తెచ్చుకొనవలసినది కాదు. ఆనాటి ధర్మాధికారి కాగితాన్ని పొలానికి తీసికొనిపోయి, అక్కడ నాగలి పట్టినవానిని చూచి, పొరుగు గట్టువానిని అడిగి, మూడింటినీ కలిపి నిర్ణయం చేయవలసి ఉండినది. మూడు కాళ్ల పీటలో రెండు కాళ్లు తీసివేసి, పీట నిలవడం లేదని కూర్చున్నవానిని తప్పు పట్టడం ఈ కాలపు వింత.

పూర్వం అంతా బాగుండెనని దీని అర్థం కాదు. సాక్షులను కొనవచ్చును, బలవంతుడు పదేండ్లు దౌర్జన్యంగా దున్ని దానినే అనుభవమనవచ్చును, ఊరి పెద్దల నోట విధవరాలి వాటా ఎన్నిమార్లు మాయమైనదో లెక్కలేదు. ఈ అన్యాయాలకు విరుగుడుగానే వ్రాతకు ప్రాధాన్యం వచ్చినది. బీదవానికి కాగితం శత్రువని అనడం పొరపాటు. కాగితం చాలమార్లు వానికున్న ఒకే ఒక ఆయుధం. ప్రశ్న కాగితం ఉండవలెనా వద్దా అన్నది కాదు. ఆ కాగితాన్ని ఎవరు, ఎందుకు వ్రాసినారన్నది.

ఛత్తీస్‌గఢ్ మైదానపు భూచరిత్ర ఈ ప్రశ్నకు చక్కని జవాబు చెప్పుతుంది. ఒకప్పుడు ఆ సీమలో లఖాబాటా అనే ఆచారం ఉండేది. మంచినేల, చవుడునేల అందరికీ సమంగా అందడానికి గ్రామంలోని రైతులు పొలాలను కాలక్రమంలో మరల మరల పంచుకొనేవారు. అప్పుడు ‘ఈ చెక్క శాశ్వతంగా నాది’ అన్న మాటకే అర్థం లేదు. 1860ల నాటి ఆంగ్లేయుల బందోబస్తు వచ్చి, శిస్తు వసూలు చేసి ఇచ్చే గౌంటియాలను మాలుగుజారులని పేర్కొని, గ్రామానికి స్వాములను చేసినది. శిస్తుకు ఒకడు జవాబుదారు కావలెను గనుక ఒకడు స్వామి కావలసి వచ్చినది. 1950 నాటి మధ్యప్రదేశ్ చట్టం ఆ స్వామ్యాన్ని రద్దు చేసినది. 1959 నాటి భూరెవిన్యూ స్మృతి దున్నేవానిని భూమిస్వామి అన్నది. నూరేండ్లలో అదే పొలం మొదట ఊరిది, తరువాత గౌంటియాది, ఆ పిమ్మట భూమిస్వామిది ఐనది. పొలంలో మాత్రం అదే వంశంవారు అదే వరి చల్లుతూ వచ్చినారు. రికార్డు మారినప్పుడల్లా హక్కు మారినదందామా, హక్కును తెలిసికొనడంలో రికార్డు ప్రతిమారూ వెనుకబడినదందామా?

భూమి లెక్క శిస్తు కొరకు పుట్టినదనడానికి ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతం ఇండ్లస్థలాలలో కనబడుతుంది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడిన పిమ్మట రాయపూరుకు ఆగ్నేయంగా కొత్త రాజధానీ నగరాన్ని నిర్మింప నారంభించినారు. ఆ నిర్మాణానికి ఎన్నో గ్రామాల భూములు పోయినవి. 2022 జనవరిలో ఆ గ్రామాల రైతులు నగరాభివృద్ధి సంస్థ కార్యాలయం ఎదుట దీర్ఘకాలం ధర్నా సాగించినారు. వారి కోరికలలో ఒకటి, తాము తరతరాలుగా కాపురమున్న ఇండ్లస్థలాలకు పట్టా ఇవ్వవలెనని. పొలానికి పట్టా ఉన్న రైతుకు ఇంటికి ఎందుకు లేదు? ఎందుకంటే గ్రామకంఠం వంటి ఆ ఆబాదీ నేలకు శిస్తు లేదు. శిస్తు లేనిచోట లెక్క లేదు, లెక్క లేనిచోట పేరు లేదు. తాను పుట్టిన గది తనదని చెప్పడానికి మనిషి వద్ద ఒక్క ముక్క కాగితం లేకపోవడానికి కారణం రాజ్యం అప్పటికి దానినుండి ఏమీ కోరలేదు గనుక! ఈ లోటును ప్రభుత్వం కూడ ఎరుగును. 2020 ఏప్రిల్‌లో స్వామిత్వ అనే పథకం క్రింద పల్లెల ఇండ్లస్థలాలను డ్రోనులతో కొలిపించి కాగితాలివ్వడం ఆరంభమైనది. మేలైన పనియే. కాని అంతవరకు కాగితం లేకపోవడం ఎవరి తప్పో ఆ పథకమే ఒప్పుకొంటున్నది.

అడిగిన కాగితాలన్నీ తెచ్చినవాని సంగతి మాత్రం? మన దేశంలో రిజిస్ట్రేషను అమ్మకాన్ని నమోదు చేస్తుందే గాని, అమ్మినవానికి హక్కు ఉన్నదని హామీ ఇవ్వదు. నామాంతరణం శిస్తు ఎవరు కట్టవలెనో తెలుపుతుందే గాని, స్వామిత్వాన్ని పుట్టించదని న్యాయస్థానాలు పలుమార్లు చెప్పినవి. దక్షిణ ఆస్ట్రేలియాలో 1858 నుండి ప్రభుత్వ పుస్తకంలోని పేరే హక్కు. పుస్తకం తప్పైతే నష్టపడినవానికి పరిహారమిచ్చే ఏర్పాటు ఉన్నది. ఇక్కడ ప్రభుత్వం తానే పుస్తకం వ్రాస్తుంది, ఆ పుస్తకాన్ని తానే పూర్తిగా నమ్మదు, నమ్మదగిన ఋజువును రైతును తెమ్మంటుంది. తెచ్చే చోటు మరల ఆ పుస్తకమే.

ఐతే పుస్తకాన్నే తుదిమాట చేస్తే సరిపోదా అంటే, ఆంధ్రప్రదేశ్ అనుభవం తొందరపడవద్దంటుంది. అక్కడ అట్టి ఉద్దేశంతో చేసిన భూహక్కుల చట్టంపై పెద్ద అలజడి రేగి, 2024లో అది రద్దైనది. కొత్త పుస్తకంలో పొరపాటున వేరొకరి పేరు పడితే ఆ పొరపాటే శాశ్వతమైపోతుందేమో నన్న భయం జనాన్ని పట్టుకొన్నది. ఆ భయాన్ని రాజకీయాలు పెంచి ఉండవచ్చును. పుట్టించినది మాత్రం పహాణీలలో తప్పులు దిద్దించుకొనడానికి జనం తిరిగిన తిరుగుళ్లే. తెలంగాణలో సాదా బైనామా మీద, అంటే రిజిస్ట్రేషను లేని తెల్లకాగితం మీద పొలం కొని ఇరువది ఏండ్లుగా దున్నుతున్నవారి కథలు తెలిసినవారికి ఆ భయాన్ని గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఎదుటిపక్షం మాట వినవలెను, అది తేలికైనది కాదు. ఖజానాలోని సొమ్ము ఎవని సొంతం కాదు. దానిని తప్పు మనిషికి ఇచ్చిన ఉద్యోగి, సరియైన మనిషికి ఇవ్వనివాని కంటె తక్కువ దోషి కాడు. అడిగినవానికల్లా ఇచ్చే రాజ్యం దాత కాదు, దుబారా మనిషి. మొదటి సంతకం పెట్టిన అధికారి రేపు అన్నదమ్ములలో మూడవవాడు వచ్చి నిలదీస్తే ఏమి చెప్పగలడు? అందుకే వివాదమున్న చోట ఆ వివాదాన్ని సివిలు న్యాయస్థానానికి పంపే ఏర్పాటు జాతీయ రహదారుల చట్టంలోనూ, అందుకై నియమించిన ప్రాధికార సంస్థకు పంపే ఏర్పాటు 2013 నాటి భూసేకరణ చట్టంలోనూ ఉన్నది. ఈ జాగ్రత్త న్యాయమైనదే.

కాని జాగ్రత్తకు అయ్యే ఖర్చు ఎవరు భరిస్తున్నారో చూడవలెను. సొమ్ము నిర్ణీత అధికారి వద్ద జమయ్యేసరికి ప్రభుత్వపు ఋణం తీరినట్లే. పొలాన్ని స్వాధీనం చేసికొనవచ్చును. వివాదం న్యాయస్థానంలో ఉన్నంతకాలం దారి నిర్మాణం ఆగదు. ఆగేది నడిమి కొడుకు ఇంటిలో పొయ్యి. నాలుగెకరాలు ఎవరో ఒకరి చేతినుండి పోయినవన్న సంగతి నిశ్చయం. ఆ ఎవరో ఎవరన్నది మాత్రమే అనిశ్చయం. ఉన్న అనిశ్చయమంతా రెండు పక్షాలలో బలహీనమైన దాని నెత్తిన పెట్టి, నిశ్చయమైన లాభమంతా బలమైన పక్షం తీసికొనడాన్ని జాగ్రత్త అనవచ్చునేమో గాని, న్యాయం అనడానికి నోరు రాదు. పైగా ఇంత జాగ్రత్తా అభన్‌పూర్‌లో ఏమి కాపాడినది? కాగితం మీద పుట్టిన తునకలను చూడడానికి ఎవరైనా ఒకమారు గట్టు మీదికి పోయి, ‘ఈ గట్టు ఎప్పుడు వేసినా’రని పక్క రైతును అడిగి ఉంటే చాలును. జాగ్రత్త అంతా బల్ల మీద జరిగినది. మోసం కూడ బల్ల మీదనే జరిగినదని అభియోగం.

ఇంతవరకు స్వామి ఎవరన్నదే మాట. నష్టపడినది ఎవరన్నది వేరు ప్రశ్న. ఛత్తీస్‌గఢ్‌లో పాలుకు దున్నడాన్ని అధియా అనీ, నిర్ణీత కౌలుకు దున్నడాన్ని రేఘా అనీ అంటారు. అక్కడి భూరెవిన్యూ స్మృతి ప్రకారం భూమిస్వామి తన భూమిని మూడేండ్లలో ఒక్క యేడు మాత్రమే కౌలుకు ఇవ్వవచ్చును. నియమం మీరి ఇస్తే కౌలుదారుకు హక్కు ఏర్పడే అవకాశం ఉన్నది. కౌలుదారును కాపాడదలచిన నియమమే ఇది. ఫలితం ఏమైనదంటే, ఏ భూమిస్వామీ కౌలును కాగితం మీద పెట్టడు. రక్షణ కొరకు వ్రాసిన సెక్షను వానిని వ్రాతనుండియే తరిమివేసినది. 2013 నాటి చట్టం ఈ సంగతిని కొంత గ్రహించినది. స్వామి కాకపోయినా, సేకరణకు మూడేండ్ల ముందునుండి ఆ నేలపై బ్రదుకుతున్న కౌలుదారులు, పాలికాపులు, కూలీలు, చేతిపనులవారు కూడ ‘బాధిత కుటుంబాలే’ అన్నది. గొప్ప మాట, స్వామ్యం కంటె బ్రదుకుదెరువును ముందు పెట్టిన మాట. కాని మూడేండ్లు దున్నినానని అధియా రైతు ఏ కాగితంతో చూపవలెను? ప్రశ్న తిరిగి తిరిగి బయలుదేరిన చోటికే వచ్చినది.

యాజ్ఞవల్క్యుని రెండవ, మూడవ ప్రమాణాలకు ఇక్కడ పని ఉన్నది. భూమి తీసికొనాలన్న సంకల్పం ప్రకటించక మునుపే, ధర పెరుగుతుందన్న ఆశ ఎవరికీ పుట్టక మునుపే, ఉద్యోగులు గ్రామసభ ఎదుట ఒక్కొక్క పొలం గట్టున నిలబడి, ఎవరు దున్నుతున్నారు, ఎవరి వాటా ఎంత, ఆడపడుచులు ఎక్కడున్నారు అని అడిగి అక్కడికక్కడే వ్రాసి చదివి వినిపించినట్లైతే, ఆ వ్రాతకు బి-1 నకలు కంటె తక్కువ విలువ ఉండదు. ఫౌతీ జరగకపోతే జరపవలసిన భారం పుస్తకం వ్రాసేవానిదే కావలెను. 2025లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం అమ్మకం రిజిస్ట్రేషనుతో పాటే నామాంతరణం జరిగే పద్ధతి తెచ్చినది. కొన్నవానికి సమకూరిన ఈ సౌకర్యం చనిపోయినవాని పిల్లలకు ఎందుకు అందరాదో తెలియదు. అట్లని గట్టు మీద విచారించినంత మాత్రాన అబద్ధాలు అంతరిస్తాయని కాదు. ఊరు కూడ అబద్ధమాడగలదు. ఐతే నలుగురి ఎదుట పొలంలో నిలబడి ఆడవలసిన అబద్ధానికి గుండెధైర్యం కావలెను, బల్ల మీద ఆడే అబద్ధానికి ముద్ర చాలును.

భూమితో పాటు చెట్లకు, బావులకు, ఇండ్లకు వేరుగా వెల కట్టవలెనని చట్టం. అందుచేత ఆ ఒక్క పనికి మాత్రం ఉద్యోగులు పొలానికి రాక తప్పదు. గట్టు మీది మామిడిచెట్టు ఎవరు నాటినదో అడిగితే ఊరంతా ఒక్క పేరే చెప్పుతుంది. ఏ యేడు నాటినది, ఏ కరవులో ఎవరు కావడితో నీళ్లు మోసినది కూడ చెప్పుతుంది. వచ్చినవాడు టేపు చుట్టి చెట్టు మొదలు కొలుస్తాడు. జాతి, చుట్టుకొలత, అంచనా వయస్సు వ్రాసుకొంటాడు. నాటినవాని పేరు వ్రాయడానికి ఆ పట్టికలో గడి లేదు. అతడు తరువాతి చెట్టు దగ్గరకు పోతాడు.